అలికిన ఇనప పొయ్యి

దేవకమ్మ ఇనప పొయ్యిని అలుకుతుంది. నవ్వకండి. ఉదయగిరి కొండ కింద ఊళ్లలో పొయ్యి అంటే పొయ్యే. అది మట్టిదా ఇనపదా అని ఏ దేవతా వివరం అడగదు. వంట ముగిశాక బూడిద తీసి, ఎర్రమన్నూ పేడా కలిపి, మన్ను రాలకుండా గుప్పెడు ఉప్పు వేసి, పొయ్యి ఇంకా వెచ్చగా ఉండగానే చేత్తో అలికి, చుట్టూ ముగ్గు గీసి, పసుపు కుంకుమ పెట్టందే దేవకమ్మ నడుం వాల్చదు. ఆ పద్ధతి ఆమెకు అత్తగారు నేర్పింది. అత్తగారికి ఆమె అత్తగారు నేర్పింది. కాకపోతే ఆ పెద్దత్తగారిది మట్టి పొయ్యి. మధ్యలో ఇనుము వచ్చిందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆ పొయ్యి కూడా అల్లాటప్పాది కాదు. సోమశిల డ్యామ్ కట్టే రోజుల్లో అక్కడ కూలికి పోయిన మామగారు, పనులయ్యాక మిగిలిన మందపాటి రేకు ముక్క ఒకటి బతిమాలి తెచ్చుకొని, గుండ్రంగా వంచి చేయించాడు. మూడు కాళ్లు, ముందు కట్టెలు తోసే నోరు, పైన అండా కూర్చునే చుట్టు. నలుగురు పడితే గానీ కదలదు. దాని మీద మొదట అత్తగారు, ఆమె పోయాక దేవకమ్మ, ఎన్ని పెళ్లిళ్లకు, ఎన్ని దినాలకు వండారో ఎవరు చెప్పగలరు! మొగుడు గురుస్వామి గొర్రెలు తోలుకొని కొండెక్కితే మళ్లీ పొద్దుగూకే వేళకే దిగేవాడు. ఇల్లు నడిచింది మాత్రం ఆ పొయ్యి మీదే. గొర్రెల వాళ్ల ఇంటి కోడలికి చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో 'వంట దేవకమ్మ' అని పేరు వచ్చింది.

ఆమెకు ఒక్కడే కొడుకు, రాజా. పదో తరగతి తప్పి, తల్లి వెనకాల అండాలు మోస్తూ వంట నేర్చుకున్నాడు. వాడు కాచిన చారు తాగినవాళ్లు "ఇంక నువ్వు ఇంట్లో కూర్చోమ్మే, కొడుకు చాలు మాకు" అని ఎగతాళి చేస్తే దేవకమ్మ పైకి కసురుకొని లోపల మురిసిపోయేది. అంత మురిపెంగా చూసుకున్న బిడ్డకు ఆమె చేసిందేమిటో వినండి.

మొన్న ఎండాకాలం కలిగిరిలో ఒక పెళ్లి. అండా నిండా ఎసరు సలసల కాగుతోంది. రాజా పొయ్యి ముందు గొంతుక్కూర్చొని కట్టె లోపలికి తోస్తున్నాడు. ఉన్నట్టుండి పొయ్యి పక్కభాగం విచ్చుకుంది. పై చుట్టు కుంగింది, అండా ఒరిగింది. ముందు నీళ్లు పడిన చప్పుడు, వెంటనే రాజా అరుపు. కుడికాలు మోకాలి కింద నుంచి పాదం దాకా ఉడికిపోయింది.

జనం మూగారు. పెళ్లింటి పెద్ద పరిగెత్తుకొచ్చి, "పొయ్యి ఎట్టుండాదో చూసుకోకుండానే తెచ్చినావా, మనుషుల్ని చంపను?" అని దేవకమ్మ మీద విరుచుకుపడ్డాడు. పడిపోయిన కొడుకు పక్కన మోకాళ్ల మీద ఉన్న దేవకమ్మ నోట వచ్చిన మాట ఇది: "పొయ్యికేమయ్యా, బండరాయిలాగుంటే! కట్టెలు కుక్కొద్దురా అంటే వినడు ఈ పనికిమాలినోడు!"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా! పెళ్లికొచ్చిన వాళ్లు నాలుగు దిక్కులకూ పోతూ ఆ మాటను వెంట తీసుకుపోయారు. ఆసుపత్రి నుంచి రాజా ఇంటికొచ్చేసరికి వంట దేవకమ్మ కొడుకు చేతికి నిప్పు ఇవ్వొద్దనే సంగతి ఉదయగిరి నుంచి సంగం దాకా అందరికీ తెలిసిపోయింది. వాడి కాలి చర్మం ముడుచుకుపోయి చీలమండ వంగడం మానేసింది. ఆ కాలితో గొర్రెల వెంట కొండెక్కలేడు. మడిలో బురద తొక్కలేడు. వాడికి చేతనైంది వంట ఒక్కటే. ఆ వంటకే వాణ్ణి ఎవరూ పిలవరు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

వాణ్ణి పక్కనపెట్టి దేవకమ్మనన్నా పిలుస్తారా అంటే, ఆమెకు పొయ్యి లేదు. కొత్తది చేయించుకునే శక్తి ఆసుపత్రితోనే పోయింది. జనం గ్యాస్ బండలేసుకొని వచ్చే క్యాటరింగ్ వాళ్ల వెంట పడ్డారు. ఆమెకు ఒకే ఒక ఆశ మిగిలింది, రాజమోహన్. ఒకప్పుడు ఊరి సర్పంచి, మాగాణీ మెట్టా బాగా ఉన్న ఆసామి. గ్యాస్ మీద ఉడికిన పొట్టేలు కూర నోట పెట్టని మనిషి. ఆయన మూడేళ్ల మనవరాలు అశ్వితకు ఆదివారం పుట్టెంట్రుకలు తీయిస్తున్నారు. కొడుకు సుధీర్ క్యాటరింగ్ అంటుంటే ఆయన వద్దని, దేవకమ్మకు కబురు పెట్టాడు.

"పొయ్యి బాగు చేయించి తెచ్చి నాకు చూపించు. నిలబడతాదంటే నువ్వే వండు. కానీ ఒకటే మాట, నీ కొడుకు రాకూడదు," అన్నాడు.

దేవకమ్మ సరేనంది. ఏం చేస్తుంది మరి? ఈ ఒక్క వంట గట్టెక్కితే మళ్లీ నలుగురూ పిలుస్తారు. నెమ్మదిగా రాజాను వెనకగుమ్మం నుంచైనా వంటలోకి తెచ్చుకోవచ్చు. ఇది పోతే తల్లీ కొడుకూ ఇద్దరూ జన్మకు వంట మొహం చూడరు. ఆమె అలా లెక్కేసుకుంది.

పొయ్యి బాగు కావాలి కదా, అక్కడ మొదలైంది అవస్థ. ఉదయగిరిలో వెల్డింగ్ అతను దూరం నుంచే చూసి, "అమ్మా, నేను గేట్లు, కిటికీలు చేసుకునేవాణ్ణి, ఈ పుట్టను నేను ముట్టుకోను," అన్నాడు. కలిగిరిలో ఇంకో మహానుభావుడు బేరమాడి, ఆ మన్ను మీదే నాలుగు వెల్డింగ్ రాడ్లు అంటించి, అయిపోయింది పో అన్నాడు. ఇంటికి తెచ్చి మంట పెడితే అతుకు పెంకులాగా లేచి చేతిలోకొచ్చింది. వాడి చేతులు పడిపోను! శుక్రవారం అయ్యింది. దేవకమ్మకు ముద్ద దిగలేదు. తెల్లారగానే ట్రాలీ ఆటో మాట్లాడుకొని, పొయ్యి ఎక్కించుకొని, దుత్తలూరు దాటి ఆత్మకూరు దారి పట్టింది.

ఆత్మకూరులో డేవిడ్‌రాజు వెల్డింగ్ షెడ్డు ముందు ట్రాక్టర్ ట్రాలీలు వరసగా నిలబడి ఉంటాయి. ఆయనది నెరిసిన మీసం, ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. మాట పెళుసైనా అతుకు గట్టిదని పేరు. ఆటోలోంచి పొయ్యి దించుతుంటే ముఖానికి అడ్డం పెట్టుకున్న నల్లద్దం పక్కకు తీసి చూశాడు.

"ఏందక్కా ఇది? పాముల పుట్టను తవ్వుకొచ్చినట్టుండావే."

"పొయ్యి అన్నా. లోపలుండేది ఇనుమే."

"ఉంటే ఉండనీ. ఈ ట్రాలీ సాయంత్రానికి పోవాల. సోమవారం తీసుకురా."

"సోమవారం నాకెందుకన్నా? రేపే కదా వంట."

"అయితే ఇంకో పొయ్యి చూసుకోపో."

దేవకమ్మ అక్కడే, ఆ ఇనప రజను మీద, చతికిలబడింది. ఏడుపు ఆపుకుందామనుకుంది, ఆగలేదు. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నా పట్టించుకోలేదు.

"నీకు బిడ్డలుండారా అన్నా?"

"ఉండారు. ఇప్పుడు వాళ్ల గోలెందుకు?"

"నాకు ఒక్కడే. ఈ పొయ్యి కాడే వాడి కాలు కాలిపోయినాది. ఇది నిలబడకపోతే మాకు బతుకుతెరువు లేదు. నీ కాళ్లు పట్టుకుంటా."

"ఛ, కాళ్లు వదులు. కాలెట్టా కాలింది?"

"వాడే కట్టెలు ఎక్కువ కుక్కినాడు. మంటకు పొయ్యి పగిలినాది."

ఈ మాట ఆమె ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పిందో! చెప్పగా చెప్పగా ఆమెకే అది కళ్లారా చూసినంత నిజమైపోయింది. డేవిడ్‌రాజు సుత్తి అందుకున్నాడు. జాలిపడ్డాడో, ఈ ఏడుపు వదిలించుకుందామనుకున్నాడో ఆయనకే తెలియాలి.

సుత్తి దెబ్బకు మన్ను పెళ్లలు పెళ్లలుగా రాలింది. ఒక పొర కింద ఇంకో పొర, ముగ్గు కింద ముగ్గు, కుంకుమ కింద కుంకుమ. దేవకమ్మకు అది పొయ్యిని కొడుతున్నట్టు లేదు, ఒంటి మీద చీర లాగుతున్నట్టుంది. డేవిడ్‌రాజు ఒక పెళ్ల తీసుకొని వాసన చూసి, నాలుక చివర ఆనించి, తుపుక్కున ఉమ్మేశాడు.

"ఉప్పేసినావా దీంట్లో?"

"వేయకపోతే మన్ను నిలవదు కదన్నా. మా అత్త చెప్పింది."

"తడి మన్ను, అందులో ఉప్పు, ఇనుము మీద. ఎన్నాళ్లకొకసారి పూస్తావు?"

"వండినప్పుడల్లా పూస్తా. పూయకుండా ఎట్టా? పొయ్యి కదా."

ఇనప కుంచెతో రుద్దుతుంటే రేకు పొరలు పొరలుగా, తుప్పు చెక్కలుగా ఊడి వచ్చింది. ఒక్కోచోట రేకు పైనుంచి బాగానే ఉన్నట్టుండి, తట్టితే బొక్క పడింది. చివరికి అసలు పగులు బయటపడింది. పొయ్యి నోటి మూల నుంచి మొదలై పై చుట్టు దాకా ఏటవాలుగా పోయింది. డేవిడ్‌రాజు సన్న ఉలి పెట్టి ఆ పగులు లోపల కెలికాడు. ఎర్రగా, గట్టిగా ఏదో చిన్న ముక్క ఊడి పడింది. దాన్ని తీసి దేవకమ్మ అరచేతిలో పెట్టాడు.

"ఏందది, చెప్పు."

"ఇటుక ముక్క."

"ఇటుక పొయ్యి లోపలికెట్టా పోతాది? అది నీ మన్నే. పగుల్లో దూరి, కాలి కాలి ఇటుకైపోయినాది. మన్ను ఇట్టా కావాలంటే ఎన్ని మంటలు తాగాలో వంట చేసేదానివి, నీకే తెలియాల."

దేవకమ్మ ఆ ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూసింది.

"ఇది ఆ పెళ్లి పొద్దు పగిలింది కాదక్కా," అన్నాడు డేవిడ్‌రాజు. గొంతు ఈసారి అంత పెళుసుగా లేదు. "ఏడాదో, రెండేళ్లో అయ్యుంటాది. నువ్వు పూడ్చుకుంటా వచ్చినావు. కట్టెలు ఎక్కువ తోస్తే ఇంత మందం రేకు పగలదు. నీ కొడుకు ఊళ్లో కట్టెలన్నీ తెచ్చి కుక్కినా పగలదు."

అయ్యో, ఆ గీత ఆమెకు తెలియనిదా! ఆ పెళ్లికి ముందటి వానాకాలంలో ఒకరోజు అలుకుతుంటే వేలికి తగిలింది. మట్టి పొయ్యి బీటలివ్వదా, మన్ను పెడితే మూసుకుపోదా? అలాగే పెట్టింది. మళ్లీ విచ్చుకుంటే మళ్లీ పెట్టింది, ఇంకాస్త ఉప్పు వేసి. కలిగిరి పెళ్లిరోజు పొద్దున పొయ్యి పక్క నుంచి సన్నగా పొగ వస్తుంటే, రాజా నీళ్లకు పోయి ఉండగా, గుప్పెడు తడి మన్ను అద్ది చెయ్యి కడుక్కుంది. ఆ సంగతి ఇన్నాళ్లూ ఆమెకు గుర్తు లేదంటే నమ్ముతారా? గుర్తుంది. గుర్తు రానీయలేదు, అంతే.

డేవిడ్‌రాజు పని మొదలుపెట్టాడు. పగులు రెండు చివరలా బెజ్జాలు వేశాడు, లేకపోతే అది అక్కడి నుంచి ఇంకా ముందుకు పాకుతుందట. గ్రైండర్ పెట్టి పగులు అంచులు రెండూ అరగదీసి వెడల్పు చేశాడు. లోపల ఉన్న ఇటుక మన్నంతా ఎర్రదుమ్మై లేచి గాలిలో కలిసిపోయింది. దేవకమ్మ ఆ దుమ్ము వైపే చూస్తోంది.

"మంట వైపు చూడొద్దు, కళ్లు పోతాయి. అటు తిరుగు," అని కసిరి రాడ్ అంటించాడు. చిటచిటమని రవ్వలు, నీలం వెలుగు, ఘాటు వాసన. అతుకు పూర్తయ్యాక పైన పేరుకున్న పెచ్చు సుత్తితో రాలగొట్టి, చల్లారనిచ్చాడు. చూడటానికి ముచ్చటగా ఉంది. దేవకమ్మ దేవుడికి దండం పెట్టుకుంటుండగానే టింగుమని ఒక చప్పుడు. అతుకు పక్కనే కొత్త గీత విచ్చుకుంది.

"దీని ఒంట్లో ఇనుము యాడుండాది? అంతా తుప్పే!" అని డేవిడ్‌రాజు రాడ్ బిగించే పిడిని నేలకేసి కొట్టాడు.

"కాదంటావా అన్నా?" అంది దేవకమ్మ.

ఆయన బీడీ వెలిగించి పొయ్యి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత కుళ్లిన భాగమంతా గ్యాస్ మంటతో కోసి పారేశాడు. పాత ట్రాలీ అడుగు రేకులోంచి సరిపడా ముక్క కోసి, వంచి, ఆ కంతలో కూర్చోబెట్టాడు. పొయ్యి లోపల నాలుగు పుల్లలేసి మంట పెట్టి, రేకంతా వెచ్చబడ్డాక అతకాలన్నాడు. చల్లటి ఇనుము మీద ఒక్కసారిగా వేడి పడితే అది మళ్లీ చీలుతుందట. అంతా సిద్ధం చేసుకొని రాడ్ చేతిలోకి తీసుకున్నాడో లేదో, కరెంటు పోయింది.

ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ట్రాలీ ఆటో తోలే అబ్బి ఇంక ఉండలేనని గొణుగుతున్నాడు. మధ్యాహ్నం ఎండకు షెడ్డు రేకులు కొలిమిలా ఉన్నాయి. దేవకమ్మ పొయ్యిలో మంట ఆరిపోకుండా పుల్లలు వేస్తూ కూర్చుంది. కరెంటు రాకపోతే వంట పోతుంది. వస్తే వంట మిగులుతుంది. రెండింట్లో ఏది జరిగినా రాజా మీద పడిన మాట మాత్రం అట్టాగే ఉంటుంది. ఈ ముక్క ఆమెకు అప్పుడే తట్టింది. తట్టినా నోట వచ్చిన మాట మాత్రం వేరు.

"అన్నా, ఈ మన్ను సంగతి ఉదయగిరి దిక్కు ఎవరికీ చెప్పవు కదా?"

"నాకెందుకక్కా? అతుకేయమంటే అతుకేస్తా. ఊళ్లో మాటలు అతికే మిషను నా కాడ లేదు," అన్నాడు డేవిడ్‌రాజు, బీడీ పారేసి.

పొద్దు వాలుతుండగా కరెంటు వచ్చింది. ఆయన గబగబా నాలుగు అంచులూ అతికాడు, లోపలి వైపు ఇంకో వరస వేశాడు. చల్లారేదాకా ఇద్దరూ చెవులు రిక్కించుకొని కూర్చున్నారు. చప్పుడు రాలేదు. డేవిడ్‌రాజు పై చుట్టు మీదికెక్కి, అంత మనిషీ రెండుసార్లు గెంతాడు.

"ఇప్పుడు దీని మీద ఏనుగును ఉడకబెట్టుకో. కానీ మన్ను తాకించినావంటే మళ్లీ నా కాడికి రావొద్దు. బొట్టు పెట్టుకుంటావో, పూలు పెట్టుకుంటావో నీ ఇష్టం."

ఆటో కదిలింది. వెనక పొయ్యి పక్కన దేవకమ్మ. ఇక్కడ మీరైతే ఏం చేస్తారో ఒక్కసారి ఆలోచించండి. పొయ్యి బాగుపడింది. ఇటుక ముక్క షెడ్డు చెత్తలో కలిసింది, మిగతా మన్ను దుమ్మైపోయింది. డేవిడ్‌రాజు నోరు విప్పడు. ఆమె గమ్మున ఉంటే రేపటి వంట ఆమెది. చెబితే? పగిలిన పొయ్యికి మన్ను పూసి ఇన్ని ఇళ్లకు తిప్పిన మనిషిని ఎవరు గడప తొక్కనిస్తారు? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దుత్తలూరు దాటి కొండ కనపడేసరికి ఆమె మనసు చెప్పకూడదనే అనుకుంది. కడుపు నిండాలి కదా, ముందు అదే చూసుకుందామనుకుంది.

రాజమోహన్ వాకిట్లో మంచం మీద కూర్చొని ఉన్నాడు. సుధీర్ పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. పెద్దాయన లేచి, ఆటోలో ఉన్న పొయ్యిని చేతికర్రతో నాలుగు చోట్ల కొట్టి చూశాడు.

"ఖంగుమంటుండాది. మంచి పని చేయించినావు. రేపు కోడి కూసేసరికి పొయ్యి వెలగాల దేవకమ్మా, పొట్టేళ్లు కోయిస్తుండా. నీ కొడుకు సంగతి మళ్లీ చెప్పక్కర్లేదు కదా? చిన్నబిడ్డలు తిరిగే చోటు. చెప్పిన మాట వినని వాణ్ణి నిప్పు కాడ పెట్టలేం."

"సరేనయ్యా," అంది దేవకమ్మ.

ఆటో వీధి చివరిదాకా పోయింది. అక్కడ ఆమె "ఆపు" అని అరిచింది. దిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, వచ్చిన దారినే పరుగులాంటి నడక నడిచింది. రాజమోహన్ ఇంకా వాకిట్లోనే ఉన్నాడు.

"అయ్యా, మావాడు చెప్పిన మాట వినకపోవడం కాదు. వాడు కట్టెలు కుక్కలేదు. పొయ్యి ముందే పగిలుండాది. నేను మన్ను పూసి దాచినాను."

"ఏందీ?"

"ఏడాది పైమాటే అయ్యుంటాదంట పగిలి. మన్ను పెడితే సరిపోతాదనుకున్నా. వాడి తప్పు లేదయ్యా. కలిగిరిలో నేను భయపడి వాడి మీదికి తోసేసినా."

సుధీర్ ఫోన్ లోంచి తలెత్తాడు. రాజమోహన్ ఒక అడుగు ముందుకు వేశాడు.

"పోయినేడు మా ఇంట్లో వండినప్పుడు కూడా ఆ పగులుండాదా?"

"ఉండాదయ్యా."

"అశ్విత ఆ పొయ్యి చుట్టూనే ఆడుకుంటుండె."

దేవకమ్మ తల దించుకుంది. పెద్దాయన కర్రను గట్టిగా పట్టుకున్నాడు. కొడతాడేమోననిపించింది. కొట్టినా బాగుండునని కూడా అనిపించింది.

"నువ్వు రేపు రావొద్దు. ఇంకెప్పుడూ మా గడప తొక్కొద్దు," అన్నాడు. లోపలికి పోబోయి, ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "పొయ్యి ఇప్పుడు బాగుండాది. తప్పు అబ్బిది కాదంటుండావు. వాడొచ్చి వండుతానంటే వండమను. లేదంటే సుధీర్ చెప్పినోళ్లకు ఇప్పుడే ఫోన్ చేయిస్తా."

దేవకమ్మ ఇంటికి ఎలా చేరిందో ఆమెకే తెలియదు. తన వంట పోయింది. పోతే పోయింది! కొడుక్కి వంట వచ్చింది. ఆ ఒక్క ముక్కా పట్టుకొని వాకిట్లోకి వచ్చింది. గురుస్వామి గొర్రెల్ని దొడ్లోకి తోలుతున్నాడు. రాజా అరుగు మీద కుడికాలు చాపుకొని, రేపు తల్లి వంటకు పనికొస్తాయని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. ఆమె వాడి ముందు కూర్చొని, ఏదీ దాచకుండా అంతా చెప్పేసింది. పగులు, ఉప్పుమన్ను, ఇటుక ముక్క, రాజమోహన్ అన్న మాట. చెప్పి, వాడి ముఖంలో వెలుగు వస్తుందని చూసింది.

రాజా చేతిలో వెల్లుల్లి కింద పెట్టాడు.

"అయితే నేను కాదా?"

"నువ్వు కాదు నాయనా."

"కలిగిరిలో అప్పుడే నీకు తెలుసా?"

"భయంలో నోటికొచ్చింది రా. అంతమంది ముందర..."

"తర్వాత?"

దేవకమ్మ ఇటూ అటూ చూసింది. గొర్రెల దగ్గర నుంచి గురుస్వామి కూడా ఇటే చూస్తున్నాడు.

"తర్వాత కూడా చెప్పలేకపోయినా," అంది.

"నాకు గుర్తుండేది రెండు కట్టెలే తోసినట్టు," అన్నాడు రాజా. కోపంగా కాదు, ఎవరి సంగతో చెబుతున్నట్టు. "నువ్వేమో కుక్కినానన్నావు. అమ్మ చూసింది కదా, నాకే సరిగ్గా గుర్తు లేదనుకున్నా. ఆసుపత్రిలో నీ చేతులు పట్టుకొని ఏడ్చినాను. తప్పైపోయిందమ్మా, నీ నోటికాడి కూడు తీసేసినా అన్నాను. అప్పుడు నువ్వేమన్నావు?"

ఆమెకు గుర్తుంది. ప్రతి అక్షరం గుర్తుంది.

"పోనీలే నాయనా అన్నావు," అన్నాడు రాజా.

దేవకమ్మ వాడి కాలు పట్టుకోబోయింది. వాడు కాలు వెనక్కి తీసుకున్నాడు. గోడ పట్టుకొని లేచి, ఫోన్ తీసి ట్రాలీ ఆటో అబ్బికి, పొయ్యి ఆటోలోనే ఉంచుకొని రేపు తెల్లారుజామున రమ్మని చెప్పాడు. అక్కడ పొయ్యి దించడానికి నలుగురు మనుషుల్ని పిలవమని తండ్రికి చెప్పాడు. అండాలు తోమి ఉన్నాయా లేదా అని లోపలికి పోయి చూసుకొచ్చాడు. ఎవరి సాయమూ లేకుండానే అటూ ఇటూ తిరిగాడు.

"నేనూ వస్తా రాజా," అంది దేవకమ్మ వాడి వెనకాలే తిరుగుతూ. "ఉల్లిపాయలు తరిగిస్తా. పొయ్యి కాడికి రానులే, దూరంగా కూర్చుంటా. నువ్వు చెప్తే రాజమోహనయ్య కాదనడు."

"నేను చెప్పను."

"ఆయన కోపం ఒక్క పూటే ఉంటాది రా..."

"ఆయన వద్దన్నాడని కాదమ్మా. నేనే వద్దంటుండా. నువ్వు పక్కనుంటే నాకు భయంగా ఉంటాది."

దేవకమ్మ తలూపింది. అరుగు మీద వాడు సగంలో వదిలేసిన వెల్లుల్లి చాటను ముందుకు లాక్కొని, మిగిలినవి ఒలవడం మొదలుపెట్టింది.